అధిక జ్యేష్ఠంలో మా అత్త వంతు

మా నాయన ఐదు కాయలూ పెట్టేశాడు. అది చూసి మా చిన్నాయన ఆరో కాయ అడిగాడు.

ఇది వేలంపాట కాదని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. కుటుంబంలో ఒకరినొకరు ఆదుకోవడం మీద ఎవరికెంత పట్టింపు ఉందో కొలవడానికి బెంగళూరు నుంచి ఒక మేడం వచ్చింది. ఆమె ఒక్కో మాట చదువుతుంది. ఆ మాట అసలు ఒప్పుకోకపోతే ఒక శెనక్కాయ పెట్టాలి, పూర్తిగా ఒప్పుకుంటే ఐదు పెట్టాలి. అంతే. ఆరో కాయకు అందులో చోటు లేదు. "చోటు లేకుంటే చేసుకోమను. మాయన్న కంటే నాది ఒగ కాయ ఎక్కువే ఉండల్ల" అన్నాడు చిన్నాయన. ఏటా పంచాయతీవాళ్ళు చింతచెట్లు వేలం వేసేటప్పుడు ఎట్లా కూర్చుంటాడో అట్లాగే, పైపంచె ఒళ్ళో వేసుకుని, కళ్ళు చిట్లించి, అన్న ముఖం వైపు చూస్తూ కూర్చున్నాడు.

అన్నదమ్ములిద్దరూ తమ ధర్మగుణాన్ని ఇట్లా పాటకు పెట్టిన ఆ పొద్దున, వాళ్ళను పెంచిన అక్క, అంటే మా మేనత్త, పిలిస్తే పలికేంత దూరంలో కూర్చుని ఎవరివో విత్తనపు కాయలు వలుస్తోంది. ముందురోజు మధ్యాహ్నం నుంచీ ఆమె కడుపులో ఏమీ పడలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసే ఐదూ ఆరూ అంటున్నారు. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మాది పావగడ తాలూకాలో నాగలమడిక దాటాక, ఉత్తర పినాకిని ఏటి పక్కనుండే ఊరు. ఏటి పక్కన అనగానే నీళ్ళూ పచ్చదనమూ అనుకునేరు. ఇసుక. ఆ ఇసుకలో గుంత తవ్వి, ఊరేదాకా కాచుక్కూర్చుని, చెంబుతో తోడుకునేవాళ్ళం. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, తిట్టుకోవడానికి రెండూ. మా తాత గొర్రెల వెంట తిరిగినవాడు. మా నాయన కాలానికి మందలు కరిగిపోయి, ఊరు ఊరంతా శెనక్కాయను నమ్ముకుంది. ఎనభైల ఆఖర్లో నేను చెప్పే ఆ ఎండాకాలం నాటికి వరసగా మూడు పంటలు ఎండిపోయి ఉన్నాయి. కాసిన్ని రాగులు కాక ఇంట్లో మిగిలిందల్లా విత్తనానికి దాచిన కాయలు. వానొస్తే భూమిలో వేయాల్సినవి. ఆకలితో చస్తున్నా వాటి జోలికి పోకూడదు. విత్తనం వలిచేటప్పుడు ఆడవాళ్ళు పాడుతూనే ఉండాలని పట్టుబట్టే ఇళ్ళు కూడా మా ఊళ్ళో ఉన్నాయి. పాట ఆగిందంటే నోట్లో గింజ పడిందని అనుమానం.

మా అత్త పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు పోయి పుట్టింటికి వచ్చింది. ఆమె వచ్చిన ఏడాదే మా అవ్వ పోయింది. మా నాయనకూ చిన్నాయనకూ ఒళ్ళు కడిగి, సంగటి తినిపించి, గొర్రెలు తోలి, బళ్ళోకి తరిమి, పిల్లను వెతికి పెళ్ళిళ్ళు చేసింది అంతా ఆమే. ఆ పెళ్ళిళ్ళలో ఆమెను వంట దగ్గర నుంచి ముందుకు రానివ్వలేదనుకోండి, అది వేరే సంగతి. మొగుడు లేని మనిషి ఎదురొస్తే అరిష్టమట. ఆమె వండిన అన్నం మాత్రం అందరికీ అరిగింది.

తర్వాత అన్నదమ్ములు వేరుపడ్డారు. పెరట్లో నడుమన రాళ్ళ గోడ లేచింది. ఎద్దులు చెరొకటి, భూమి చెరిసగం, రోలు మాకు, తిరగలి వాళ్ళకు. అన్నీ అయ్యాక ఆఖర్న ఎవరో అడిగారు, మరి అక్క సంగతేమిటని. పెద్దమనుషులు తలలు గోక్కుని, నెలకొకరు పెట్టండి అన్నారు. మా వైపు తల్లిదండ్రులకు అట్లాగే వంతులు వేస్తారు. అక్కకూ అదే వేశారు. చైత్రం మాది, వైశాఖం చిన్నాయనది, జ్యేష్ఠం మాది, ఆషాఢం వాళ్ళది. అట్లా ఏడాదంతా పేర్లు పెట్టి పంచుకున్నారు. అమావాస్య సాయంత్రం మా అత్త తన కంబళి, సత్తు గిన్నె, కొడవలి తీసుకుని ఒక గుమ్మం దిగి ఇంకో గుమ్మం ఎక్కేది. ఏ నెల ఎవరింట్లో తింటే ఆ నెల పని కూడా ఆ ఇంటిదే. అందుకే చిన్నాయన ఏరికోరి కార్తీకం వచ్చే వరస తీసుకున్నాడు. కార్తీకంలో చేలో శెనక్కాయ పెరకాలి కదా. మా అత్త కాయ పెరుకుతుంటే ఇద్దరు కూలీలు కూడా ఆమెకు సమంగా రారు. అంత ప్రేమ!

ఆ ఏడు అధిక మాసం వచ్చింది. మూడేళ్ళకో ఏమో పంచాంగంలో ఒక నెల ఎక్కువ పడుతుంది, పక్క నెల పేరే దానికీ పెడతారు. ఆ సారి పడింది అధిక జ్యేష్ఠం. దాని తర్వాత వచ్చేది నిజ జ్యేష్ఠం. కరువు రోజుల్లో అధిక మాసం వస్తే జనం ఏమంటారో మీకూ తెలుసు, ఆ మాట నేను మళ్ళీ అనను. అన్నదమ్ములు వేరుపడ్డాక అట్లాంటి నెల రావడం అదే మొదటిసారి. వంతులు వేసినప్పుడు దాన్ని ఎవరూ పంచలేదు.

"పేరు జ్యేష్ఠమే గదన్నా. జ్యేష్ఠం నీదే గదా" అన్నాడు చిన్నాయన గోడకు అవతల నుంచి.

"అది అధికమప్పా. నా వంతు నిజ జ్యేష్ఠం. ఆ నెల రానీ, నేనేమన్నా లేదంటానా?" అన్నాడు మా నాయన గోడకు ఇవతల నుంచి.

పేర్లు వదిలేసి వరసగా ఒకరి తర్వాత ఒకరు లెక్కపెట్టుకోండి, అధికం పెద్దోనిది, నిజం చిన్నోనిది అని ఊళ్ళో ఒక పెద్దాయన తీర్పు చెప్పాడు. మా నాయన వేళ్ళు మడిచి చూసుకుని, సరేలే అన్నట్టు తలాడించబోయాడు. అంతలో చిన్నాయన ఎగిరి గంతేశాడు. "అట్లయితే కార్తీకం మాయన్నకు పోతాది! కాయ పెరికే నెల నేనెట్ల ఇడుస్తా?" అన్నాడు. నలుగురిలో, సిగ్గు ఎగ్గు లేకుండా.

పంచాంగం చెప్పే అయ్యవారిని అడిగారు. ఆయన తనకు తెలిసింది చెప్పాడు. అధిక మాసంలో పెట్టిన అన్నానికి రెట్టింపు పుణ్యమట. ఇంక చూడాలి వాళ్ళ మర్యాదలు.

"పుణ్యం నువ్వే తీస్కోప్పా. చిన్నోనివి, పిల్లలు గలోనివి."

"లేదన్నా, పెద్దోనివి, నీకే చెందల్ల."

వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఏదైనా వదులుకోవడం నేను చూసింది జన్మలో ఆ ఒక్కసారే.

వైశాఖ అమావాస్య రానే వచ్చింది. చిన్నాయన ఇంట్లో నెల అయిపోయింది. చిన్నమ్మ సాయంత్రానికే అత్త పడుకునే మూల ఊడ్చి కడిగేసింది. అత్త కంబళి చంకన పెట్టుకుని మా గుమ్మం దగ్గరికి వచ్చింది. మా అమ్మ తలుపుకు అడ్డంగా నిలబడి, "మీ తమ్ముని అడుగు వదినా, నాదేముండాది" అంది. మా నాయన లోపల వినపడనట్టు ఎద్దుకు దాణా కలుపుతున్నాడు. దాణా కలపడానికి అంతసేపు పడుతుందని నాకు ఆ రోజే తెలిసింది.

మా అత్త ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఆ గుమ్మం వైపు ఒకసారి, ఈ గుమ్మం వైపు ఒకసారి చూసి, రాళ్ళ గోడ వీధిలోకి వచ్చి ఆగే చోట, శెనక్కాయ పొట్టు పోసే దిబ్బ పక్కన ఒక బండ ఉంటే దాని మీద కూర్చుంది. ఆ జాగా ఒక్కటే భాగాల్లో ఎవరికీ పడలేదు.

నేను ఓణీ కింద సంగటి ముద్ద దాచుకుని పోయాను.

"ఎవురు పెట్టమన్యారు?" అంది.

"ఎవురూ లేదత్తా. నేనే తెచ్చినా."

"అయితే తీస్కపో కోడలా. దొంగకూడు తినేదానికి నేనేమన్నా కుక్కనా? ఈ ఇండ్లల్లో పుట్టింది నేను ముందు. పెట్టేవాడు పేరు చెప్పి పెట్టల్ల, లేకుంటే పెట్టనని చెప్పల్ల" అంది. గొంతు పెంచి, రెండిళ్ళకూ వినపడేటట్టే అంది. రెండిళ్ళలోనూ ఎవరికీ వినపడలేదు.

పొద్దున్నే ఆమె ఆ బండ మీదే ఊళ్ళోవాళ్ళ విత్తనాలు వలవడానికి కూర్చుంది. వలిపించుకునేవాళ్ళు మధ్యాహ్నం ఒక పూట పెట్టి, కాసింత రాగిపిండి ఇచ్చేవాళ్ళు. ఆ పిండి కొంగున మూట కట్టుకునేది. సాయంత్రం కూడు లేదు, మర్నాడు పొద్దున కూడా లేదు. నిజ జ్యేష్ఠం రావడానికి నెల ఉంది. రెండిళ్ళ పొయ్యిల మీదా సంగటి ఉడుకుతూనే ఉంది.

సరిగ్గా ఆ వారంలోనే దిగింది బెంగళూరు మేడం, జీపు వేసుకుని, కాగితాల కట్ట పట్టుకుని. ఊళ్ళో ఎస్సెస్సెల్సీ పాసైన ఆడపిల్ల ఎవరంటే నన్ను చూపించారు. ఆమె కన్నడంలో చదవాలి, నేను తెలుగులో చెప్పాలి. మావాళ్ళకు కన్నడం రాక కాదు. అందరికీ వచ్చు. కానీ ఆ కాగితాల్లోని కన్నడం ఎవరూ మాట్లాడేది కాదు. దాన్ని ముందు ఇంగ్లీషులో ఎవరో దొరలు రాశారట, వీళ్ళు కన్నడంలోకి దింపారట, ఇక తెలుగులోకి దించడానికి నేను. మూడు ఇళ్ళు మారి వచ్చిన మజ్జిగ ఎంత పలుచగా ఉంటుందో ఆ ప్రశ్నలు కూడా అట్లాగే ఉన్నాయి. 'కుటుంబ కర్తవ్య' అనేది ఆమె. ఆ మాట మావాళ్ళు రేడియోలో మంత్రులు మాట్లాడితే విన్నారు తప్ప నోటితో ఎప్పుడూ అనలేదు. నేను "చూసుకునేది" అని చెప్పేదాన్ని. "అష్టేనా?" అనేది మేడం, అంతేనా అని. అంత పెద్ద మాటకు ఇంత చిన్న మాటేమిటని ఆమె అనుమానం. ఆ చిన్న మాటే మా ఊళ్ళో దొరకడం లేదని ఆమెకేం తెలుసు.

ఇవే ప్రశ్నలు వేరే దేశాల్లో, వేరే భాషల్లో కూడా అడుగుతున్నామనీ, ఎక్కడి జనానికి కుటుంబం మీద ఎంత కర్తవ్యం ఉందో పోల్చి చూస్తామనీ మేడం చెప్పింది. చెప్పకపోతే బాగుండేది. మా ఊరి మగవాళ్ళ చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"అంటే పోటీనా?" అన్నాడొకాయన.

"పోటీ గాదు తాతా, ఊరికే చూస్తారంట."

"చూసేది గూడా పోటీనేమే. తెల్లోళ్ళ ముందర మనూరు ఓడిపోకూడదు. అందురూ బాగా చెప్పండప్పా!"

అందరూ బాగా చెప్పారు. తల్లికి పెళ్ళాం చేత గంజి కూడా పోయించనివాడు, తండ్రిని కొట్టంలో పడుకోబెట్టినవాడు, అందరూ. మేడం తెచ్చిన కాగితం మీద ఐదు మెట్ల బొమ్మ ఒకటి ఉంది. మీ అభిప్రాయం ఎన్నో మెట్టు మీద ఉందో వేలు పెట్టమంటే, మావాళ్ళు బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, ఈ మెట్లు ఎక్కితే ఏ గుడి వస్తుందని అడిగారు. ఇక లాభం లేదని, ఐదు శెనక్కాయలతో చేద్దామన్నాను. కాయలు మా నాయనే ఇచ్చాడు. విత్తనపు మూట విప్పి, ఏరి ఏరి ఐదు తీసి, మేడం చేతిలో పెడుతూ, "అయినంక మళ్ళీ ఇచ్చేయల్ల మేడమ్మా, విత్తనమది" అని రెండుసార్లు చెప్పాడు. ఆ ఐదు కాయలే ఇల్లిల్లూ తిరిగాయి. ఊరందరి చేతుల్లో పడి నున్నగా మెరవడం మొదలుపెట్టాయి.

మా ఇంటి వంతు వచ్చింది. అరుగు మీద అన్నదమ్ములిద్దరూ కూర్చున్నారు. ముందుగా ఇంట్లో ఎంతమందో రాసుకోవాలి. మా నాయన చెప్పిన లెక్కలో అత్త లేదు. చిన్నాయన చెప్పిన లెక్కలో కూడా లేదు. మేడం బండ వైపు చూపించి, "ఆ అజ్జి యారు?" అంది, ఆ ముసలామె ఎవరని.

"తమ్మునింట్లో మనిషి" అన్నాడు మా నాయన.

"అన్నింట్లో మనిషి" అన్నాడు చిన్నాయన.

ఒకే ఊపిరిలో అన్నారు ఇద్దరూ. మేడం కాగితంలో చూసుకుంది. ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళు ఒక కుటుంబమని అందులో రాసి ఉంది. ఆమె ఏ పొయ్యి మీదది తింటుందో చెప్పండి, అక్కడ రాస్తానంది. ఇద్దరూ కాకులను చూస్తూ కూర్చున్నారు. పోనీ బంధుత్వం ఏమిటంది మేడం. మేనత్త అన్నాను. చుట్టాల పట్టీలో తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు, మొగుడు, పెళ్ళాం, బిడ్డలు ఉన్నారు. మేనత్త లేదు. 'ఇతరరు' అని ఒక గడి ఉంది. ఇతరులు కూడా ఏదో ఒక పొయ్యికి చెందితేనే అందులో రాయాలట. ఆఖరికి మేడం కలం తీసేసి, బిడి అంది. వదిలేయమని.

"ఏమంటాదే ఆయమ్మ?" అని అత్త బండ మీద నుంచి అడిగింది.

చెప్పాను. దాచడానికి ఏముంది.

"పొయ్యి లేకుంటే మనిషి లెక్కలోకి రాదంటనా?"

"రాదంటత్తా."

అత్త చేటలో గింజల మీది పొట్టు ఉఫ్ఫని ఊదింది. ఆ పొట్టు అరుగు దాకా వచ్చి చిన్నాయన మీద పడింది. ఆయన దులుపుకున్నాడు. ఆ తర్వాతే మేడం మొదటి మాట చదివింది, కష్టంలో ఉన్న బంధువులకు తిండి పెట్టి ఆదుకోవడం కుటుంబం కర్తవ్యం అని. మా నాయన ఐదు కాయలూ పెట్టేశాడు. చిన్నాయన ఆరోది అడిగాడు. మిగతాది ముందే చెప్పాను.

మర్నాడు పొద్దున మా అమ్మ కళ్ళాపి చల్లడానికి పోయి, చెంబు పట్టుకుని నిలబడిపోయింది. దిబ్బ పక్కన పొగ లేస్తోంది. అత్త రాళ్ళ గోడ పై వరసలో నుంచి మూడు రాళ్ళు పెరికింది. అన్నదమ్ములు కూలి పెట్టి కట్టించిన గోడ అది. ఆ మూడు రాళ్ళనూ బండ పక్కన పొయ్యిగా పెట్టి, శెనక్కాయ పొట్టు ఎగదోసి, సత్తు గిన్నెలో ఎసరు పెట్టింది. కొంగున కట్టిన రాగిపిండి పక్కనే ఉంది. ఏటికి నీళ్ళకు పోయే ఆడవాళ్ళందరూ బిందెలు దించి మరీ చూస్తున్నారు. ఒకామె, "ఏందక్కా, వేరుపడితివా?" అని అడిగింది. "ఊ, నేనూ భాగం తీస్కొంటి" అంది మా అత్త.

మా నాయన బయటికి వచ్చాడు. నెల మొదలైన నాటి నుంచి అక్కతో మాట్లాడనివాడికి అప్పుడు నోరొచ్చింది.

"ఏందక్కా ఈ పని? నడీదిలో పొయ్యి పెడ్తే మా పరువేం గావల్ల?"

"నీ పరువు నీ నెల్లో చూసుకోప్పా. ఈ నెల నీది గాదంటివి, వాడు వాడిది గాదనె. ఎవురిదీ గాదు గదా అని నేను తీస్కొంటి. తప్పా?"

అవతల గుమ్మంలో నిలబడ్డ చిన్నాయన మెల్లగా లోపలికి జారుకున్నాడు. ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నాకైతే ఎగిరి గంతులేయాలనిపించింది. మా నాయన ముఖం అట్లా మాడిపోవడం చూసి నాకు సంతోషం కలిగిందంటే కలిగింది, అబద్ధం ఎందుకు.

మేడం జీపు వచ్చేసరికి సంగటి ఇంకా ఉడుకు పట్టలేదు. ఆమె మిగిలిన ఇళ్ళకు పోవాలని మమ్మల్ని దాటబోతుంటే అత్త పిలిచింది.

"మేడమ్మా! ఈడ గూడా ఒగ పొయ్యి ఉండాది. రాస్కో."

మేడం కాగితం చూసుకుంది. పొయ్యిని చూసింది. ఆమెకు ఎక్కడలేని సంతోషం వచ్చింది. లెక్క కుదిరింది కదా! సుద్దముక్క తీసి గోడ రాయి మీద అంకె వేసి, ఇల్లు అని రాసుకుంది. యజమాని ఎవరంటే అత్త తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. ఇంట్లో ఎందరంటే ఒక వేలు చూపించింది. ఈ కొత్త సంసారాన్ని చూడడానికి ఊరు సగం పోగయింది. పరువు కాపాడుకోవడానికి మా నాయన, అన్న ఏం చేస్తాడో చూడ్డానికి చిన్నాయన, ఇద్దరూ దిబ్బ దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

మేడం ఐదు కాయలూ చేటలో పోసి అత్త ముందు పెట్టింది. ఇవేమిటో, ఎట్లా పెట్టాలో నేను చెప్పాను. అత్త బుద్ధిగా తలూపింది. మేడం అదే మాట చదివింది. నేను చెప్పాను, "కష్టంలో ఉండే మనిషికి కుటుంబం కూడు పెట్టి చూసుకోవల్ల. దీనికి నువ్వు ఎన్ని కాయలు పెడ్తావత్తా?"

అత్త ఒక కాయ తీసుకుంది. దాని మూతిని బండకు ఆనించి నొక్కితే టప్పుమని పగిలింది. గింజలు నోట్లో వేసుకుంది.

ఊరు ఊరంతా కొయ్యబారిపోయింది. విత్తనం! నలుగురూ చూస్తుండగా, పట్టపగలు, విత్తనం తినడం! అత్త నింపాదిగా నమిలి మింగి రెండో కాయ తీసింది. మూడోది తీసింది. మేడం కలం గాల్లో ఆగిపోయింది. మా నాయన తట్టుకోలేకపోయాడు.

"అక్కా! ఇత్తనమక్కా అది!"

అత్త మిగతా రెండూ కూడా వలిచి తిని, పొట్టు పొయ్యిలో వేసి, చేతులు దులుపుకుంది.

"బాగుండాయి" అంది మేడంతో. "ఈ నెల్లో మా ఇండ్ల నుంచి నా నోట్లోకి వచ్చినేవి ఇవే. అడుగు తల్లీ, ఇంగొగటి అడుగు. దానికి గూడా ఐదు పెడ్తారు గదా?"

మేడంకు తెలుగు అర్థం కాలేదు. అర్థమైంది ఒక్కటే, ఇల్లిల్లూ తిరగాల్సిన కొలత కాస్తా అత్త కడుపులోకి పోయిందని. ఇంకా చాలా ఇళ్ళు మిగిలి ఉన్నాయి. ఆమె మా నాయన వైపు తిరిగి, ఇంకో ఐదు కాయలు ఇస్తారా అంది.

మా నాయన, బంధువులకు తిండి పెట్టడం కుటుంబం కర్తవ్యమని ముందురోజే ఐదుకు ఐదు తెచ్చుకున్న మా నాయన, రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇత్తనం కాయిలు మేడమ్మా. తినేదానికి ఇచ్చేవి గాదు."

మేడం చిన్నాయన వైపు చూసింది. ఆరు కాయల మనిషి ఆ రోజు పాట పాడలేదు. తల దించుకుని కాలి బొటనవేలితో మట్టి గీకుతూ నిలబడ్డాడు.

అత్త నవ్వింది. మా నాయన వైపు చెయ్యి చూపించి, "రాస్కో తల్లీ, ఆ మాటే రాస్కో. నా జవాబు గూడా అదే" అంది.

అత్త మాట, నాయన మాట, రెండూ నేను అక్షరం పొల్లుపోకుండా కన్నడంలోకి చెప్పాను. ఆ పనిలో నేను చేరాక అంత బాగా చెప్పింది అప్పుడే. మేడం విని, కాగితం మీది ఐదు గడులూ మార్చి మార్చి చూసి, దేంట్లోనూ పట్టక, పక్కన ఏదో గీకింది. వంగి చూశాను. ఉత్తర ఇల్ల అని ఉంది. జవాబు లేదని. ఊరందరూ ఆడిన అబద్ధాలకు గడులున్నాయి, ఈమె నిజానికి మాత్రం లేదు. పైగా చదువుకున్న మనిషి! జీపు ఎక్కేటప్పుడు నాకు థ్యాంక్స్ కూడా చెప్పింది. ఏ దేశాల పక్కన మా ఊరిని నిలబెట్టారో, ఎవరు గెలిచారో మాకు ఎవరూ చెప్పలేదు. మేమే గెలిచి ఉంటాం, అనుమానం ఎందుకు.

అధిక మాసమంతా అత్త ఆ పొయ్యి మీదే వండుకుంది. పొద్దంతా ఊళ్ళోవాళ్ళ విత్తనాలు వలిచి పిండి తెచ్చుకునేది. నేను ఓణీ కింద ఏమీ దాచుకుని పోలేదు. ఏటి నుంచి ఒక బిందె ఎక్కువ మోసి, అందరూ చూస్తుండగానే ఆమె పొయ్యి పక్కన దించేదాన్ని. అది మాత్రం వద్దనలేదు.

అమావాస్య వచ్చింది. తెల్లారితే నిజ జ్యేష్ఠం, మా నాయన నెల. ఆ నెలాఖరుకు వాన పడితే విత్తనం వేయాలి, పని బోలెడు ఉంటుంది. సాయంత్రం మా నాయన తలకు తుండు చుట్టుకుని, ఊరందరికీ కనపడేటట్టు నడిచి దిబ్బ దగ్గరికి పోయాడు.

"ఇంగ లెయ్యక్కా. నా వంతు వచ్చింది. ఇంటికి రా" అన్నాడు. వరమిచ్చే దేవుడి ముఖం పెట్టాడు.

అత్త లేవలేదు. గిన్నెలో సంగటి కెలుకుతూ, "వంతులు నా కాడ లేవప్పా. నాకు వేరే పొయ్యి ఉండాదని మేడమ్మ రాస్కొని పోయినాది" అంది. తర్వాత అతని ముఖంలోకి చూసి, చిన్నప్పుడు ఎట్లా అడిగేదో ఏమో అట్లాగే అడిగింది, "పొద్దున్నుంచి చేనికాడ ఉంటివి గదా. ఏమన్నా తింటివా?"

మా నాయన తల తుండు విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"కూచో" అంది.

కూర్చున్నాడు. ఆమె గిన్నె మూతలో ముద్ద పెట్టి, గుంత చేసి, ఊరిబిండి పచ్చడి వేసి ముందుకు జరిపింది. గోడ మీది అంకె ఇంకా చెరిగిపోలేదు, దాని కిందే కూర్చుని తిన్నాడు. నేను మా గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. ఒక ముద్ద అయిపోయింది. ఇప్పుడైనా ఒక మాట అంటాడేమో అనుకున్నాను.

"ఇంగొగటి పెట్టక్కా" అన్నాడు మా నాయన.